ఫేర్‌వెల్ పార్టీ, మందు, మత్తు: అమ్మానాన్నలూ పిల్లలూ పదేపదే అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. టెన్త్ ఫేర్‌వెల్, ఇంటర్ ఫేర్‌వెల్, ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చిన సాయంత్రం... సందర్భం ఏదైనా అడిగే సందేహాలు మాత్రం అవే. విజయవాడలో పందొమ్మిదేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. గుంటూరులో మా బంధువుల పిల్లలూ ఇదే వయసువాళ్లు. ప్రతి ఏడూ ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వైద్యం సంగతులు ఆసుపత్రి క్యాజువాల్టీలో నర్సుగా పనిచేసే మా తోడికోడలితో సరిచూసుకున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు, వరసగా చదవక్కర్లేదు.

## పార్టీకి ముందు

మా వాడు టెన్తే కదా. అప్పుడే ఈ భయం అవసరమా?

అవసరమే. నాతో మనసు విప్పి మాట్లాడిన పిల్లల్లో చాలామంది మొదటిసారి రుచి చూసింది పదిహేను, పదహారేళ్లకే. అదీ ఏదో ఒక సంబరం రోజునే. డబ్బు అడ్డం కాదు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానంలో క్వార్టర్ సీసా 99 రూపాయలకే పెట్టారు. నలుగురు తలా పాతిక వేసుకుంటే చేతికొచ్చేస్తుంది. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. అయితే షాపుకి పిల్లలు వెళ్లరు. హాస్టల్ సీనియరో, పెద్దనాన్న కొడుకో, తెలిసిన ఆటో అబ్బాయో తెచ్చిపెడతాడు. కాబట్టి “వీడికెవరు అమ్ముతారు” అని ఊరుకోకండి, “వీడికెవరు తెచ్చిపెడతారు” అని ఆలోచించండి.

ఫేర్‌వెల్‌కి పంపాలా, మాన్పించాలా?

పంపండి. పదేళ్లు కలిసి చదువుకున్నవాళ్లు విడిపోయే రోజు అది. ఆపితే “కంబైన్డ్ స్టడీ” అని చెప్పి వెళ్తారు, అప్పుడు ఎక్కడున్నారో కూడా మీకు తెలియదు. పంపే ముందు మామూలు గొంతుతో నాలుగు సంగతులు కనుక్కోండి: ఎక్కడ, పెద్దవాళ్లు ఎవరుంటారు, ఎన్నింటికి అయిపోతుంది, ఇంటికి ఎలా వస్తావు. తర్వాత ఐదోది అడగండి: “అది అయ్యాక ఎక్కడికి?” అసలు ప్రశ్న ఇదే. స్కూల్లో కేకు కోసి ఫొటోలు దిగేదాకా ఏమీ జరగదు. ఐదింటికి గేటు దాటాక ఎవరి మేడ మీదో, ఏ ఖాళీ ఫ్లాట్‌లోనో, ఊరి బయట ఏ తోటలోనో జరిగేదే ప్రమాదం.

“ఇంట్లో మనమే ఒక పెగ్గు పోస్తే బయట తాగడు” అంటున్నారు మా బావగారు. నిజమేనా?

కాదు. మంచి మనసుతో అనే మాటే గానీ, జరిగేది దానికి ఉల్టా. పెద్దవాళ్లే పోసిచ్చిన పిల్లలు తర్వాత బయట ఇంకా ఎక్కువ తాగుతున్నారని పరిశోధనల్లో తేలింది. ఇంట్లో పోస్తే పిల్లాడికి అందేది “ఇది తప్పు కాదు” అన్న అనుమతే, హద్దు కాదు. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతూనే ఉంటుంది. మొదలుపెట్టిన వయసు ఎంత చిన్నదైతే అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది.

చట్టం సంగతీ చెప్పాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, డాక్టరు చెబితే తప్ప, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మద్యం, మత్తుమందు, పొగాకు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. పోసింది బావగారైనా సరే.

బీరే కదా, అదేం చేస్తుంది?

ఈ లెక్క పిల్లలకు ఒక్కసారి కాగితం మీద వేసి చూపించండి. విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉండే ఆల్కహాల్ 13 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. స్ట్రాంగ్ బీరులో ఏడెనిమిది శాతం ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసాకి లెక్కేస్తే 45 నుంచి 52 మిల్లీలీటర్లు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు మూడున్నర, నాలుగు పెగ్గులతో సమానం. కాలేయం గంటకి సుమారుగా ఒక చిన్న పెగ్గు మోతాదునే అరాయించుకోగలదు. పెద్దవాళ్ల ఒంటి లెక్క అది. నలభై ఐదు కిలోల పిల్లాడు ఖాళీ కడుపుతో పావుగంటలో సీసా ఖాళీ చేస్తే ఎంత భారమో మీరే ఊహించుకోండి.

మా తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు వెనక బెంచీలో ఒకబ్బాయి “బీరంటే కూల్‌డ్రింక్ లాంటిదనుకున్నానండీ” అన్నాడు. నిజంగానే వాడికి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

మందు కాకుండా ఇంకేవేవో వస్తాయంటున్నారు. ఏం చూసుకోవాలి?

వేప్ అంటే ఈ-సిగరెట్. పెన్నులాగానో పెన్‌డ్రైవ్‌లాగానో ఉంటుంది, పళ్ల వాసన వస్తుంది. దేశమంతటా 2019 నుంచి నిషేధం. గంజాయి చిన్న పొట్లాల్లో వస్తుంది. లిక్విడ్ గంజాయి అనే నల్లటి చిక్కటి నూనె చాలా ఘాటు, సిగరెట్టుకి రాసి కాలుస్తారు. ఇవి కాక నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు. చిన్న క్లాసుల పిల్లల్లో వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ గుడ్డకి రాసి పీల్చడం.

అన్నిటికన్నా ప్రమాదం కలపడం. మందు మీద నిద్రమాత్ర పడితే ఊపిరి మందగిస్తుంది. మందులో ఎనర్జీ డ్రింక్ కలిపితే మత్తు తగ్గదు, మత్తెక్కిందన్న సంగతి తెలియదు, అంతే. దాంతో ఇంకా తాగుతారు.

నేను స్టూడెంట్‌ని. తాగనంటే వెక్కిరిస్తారు. ఏం చెప్పి తప్పించుకోవాలి?

పెద్ద లెక్చర్ ఇవ్వక్కర్లేదు. చిన్న మాట చాలు, దాన్నే మార్చకుండా అనాలి. “పదింటికి మా నాన్న తీసుకెళ్లడానికి వస్తాడ్రా, నన్నొదిలేయ్.” “టాబ్లెట్లు వాడుతున్నాను, పడదు.” “వద్దురా” అని నవ్వి పక్కకెళ్లినా చాలు. కొత్త కారణాలు చెప్పే కొద్దీ వాదన పెరుగుతుంది. చేతిలో మూత ఉన్న సొంత సీసా పెట్టుకో. చేతులు ఖాళీగా ఉన్నవాడికే గ్లాసు అందిస్తారు.

ఇంట్లోవాళ్లతో ముందే ఒక గుర్తు మాట అనుకో. మా అమ్మాయికీ నాకూ మధ్య “అమ్మా, నా కెమిస్ట్రీ రికార్డు ఎక్కడుంది?” అన్నది గుర్తు. ఆ మాట వినపడితే నేను ఏమీ అడగకుండా బయల్దేరాలి. పక్కన ఎవరు వింటున్నా దానికి ఇబ్బంది ఉండదు. రెండేళ్లలో ఒక్కసారి వాడింది. వెళ్లి తీసుకొచ్చాను. ఆ రాత్రి ఏమీ అడగలేదు. మూడు రోజులకి తనే చెప్పింది.

స్కూల్లో పార్టీ మేమే పెట్టాలి. ఎలా పెడితే మంచిది?

మధ్యాహ్నం పెట్టండి, వెలుగుండగానే ముగించండి. కడుపునిండా భోజనం పెట్టండి. బిర్యానీయో, పులిహోర, గారెలో, ఏదైనా పర్వాలేదు గానీ ఒక సమోసా, ఒక కేకు ముక్కతో సరిపెట్టొద్దు. మంచినీళ్లు, మజ్జిగ స్కూలే పెట్టి, బయటి సీసాలు గేటు దగ్గరే ఆపేయాలి. ఈ నియమం ముందురోజే చెప్తే బ్యాగులు చూసేటప్పుడు పిల్లలు చిన్నబుచ్చుకోరు. అమ్మాయిల బ్యాగులు లేడీ టీచర్లే చూడాలి. బాత్రూముల వైపు, మేడ మెట్ల దగ్గర, సైకిల్ స్టాండులో ఒక్కొక్క టీచర్ తిరుగుతుండాలి. గ్రౌండ్ మధ్యలో పది మంది కుర్చీలేసుకుని కూర్చుంటే ఉపయోగం లేదు.

అయిపోయాక బస్సుల్లో ఇళ్ల దగ్గర దించగలిగితే సగం గండం గడిచినట్టే. స్కూల్ గేటుకి, ఇంటి గుమ్మానికి మధ్య ఉన్న ఆ మూడు గంటలే మన చేతిలో ఉండనివి.

ఇంకొకటి, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. “ఎవరైనా తాగినట్టు తెలిస్తే టీసీ ఇచ్చేస్తాం” అని అసెంబ్లీలో బెదిరించకండి. నేనే ఒకప్పుడు బెదిరించాను. దానివల్ల తాగడం ఆగలేదు, దాచడం పెరిగింది. దానికి బదులు ఈ మాట చెప్పండి: “ఎవరికైనా బాగోలేకపోతే వెంటనే ఏ టీచర్‌కైనా చెప్పండి. సాయం అడిగినవాళ్ల మీద ఏ చర్యా ఉండదు.” చెప్పాక ఆ మాట మీద నిలబడండి.

మా మేడ మీద పార్టీ చేసుకుంటామంటున్నారు. ఇవ్వమంటారా?

మీరు ఇంట్లో, మెలకువగా ఉండేట్టయితే ఇవ్వండి. “పిల్లలకి ఫ్రీడమ్” అని ఊరెళ్లిపోయేట్టయితే ఇవ్వొద్దు. గంటకోసారి పకోడీలో, ఐస్‌క్రీములో పట్టుకుని పైకి వెళ్లండి. తనిఖీకి వచ్చారని పిల్లలకి అనిపించదు, మీకూ చూసినట్టవుతుంది. పిట్టగోడ ఎత్తు ఒకసారి చూసుకోండి. వచ్చే పిల్లల తల్లిదండ్రులందరికీ ముందే ఫోన్ చేసి “మా ఇంట్లోనే, మేముంటాం, మందు ఉండదు” అని చెప్పేయండి.

## పార్టీ రోజు

బండి వేసుకుని వెళ్తానంటున్నాడు. దగ్గరే కదా, ఇవ్వొచ్చా?

వద్దు. తాగకపోయినా వద్దు. లైసెన్సు లేని మైనర్ బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద బాధ్యత తల్లిదండ్రులది లేదా బండి ఓనరుది. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

మీరు ఇవ్వకపోతే ఫ్రెండు బండెక్కుతాడు, ముగ్గురు కలిసి. రాత్రి తొమ్మిది దాటాక బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీదా, గుంటూరు వైపు హైవే మీదా లారీలు ఏ స్పీడులో వస్తాయో మనకి తెలుసు. అందుకే వెళ్లడానికీ రావడానికీ ఏర్పాటు మీరే చేయండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నా సరిపోతుంది.

అక్కణ్ణుంచి కృష్ణ ఒడ్డుకో, సూర్యలంకకో వెళ్తారట. ఈతొచ్చు కదా?

ఒప్పుకోకండి. మత్తులో ఉన్నవాడికి నీళ్ల లోతు అంచనా అందదు, చలి తెలియదు, అలిసిపోయిన సంగతీ తెలియదు. ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఒక్క అడుగు వేస్తే మనిషి మునిగిపోతాడు. సూర్యలంకలో అల వెనక్కి లాగే బలం ఈతొచ్చినవాళ్లకీ కష్టమే. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దని పిల్లలకి చెప్పండి. చున్నీ, తాడు, కర్ర, మూత బిగించిన ఖాళీ సీసాలు, ఏది దొరికితే అది విసిరి, గట్టిగా అరిచి జనాన్ని పిలవాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన కబుర్లు మనం ఎన్ని వినలేదు?

తన కూల్‌డ్రింక్‌లో ఎవరైనా ఏమైనా కలుపుతారేమోనని మా అమ్మాయి భయపడుతోంది.

ఆ భయం అక్కరకొచ్చే భయమే. సీలు తనే తీసిన సీసానే తాగమనండి. కింద పెట్టి వెళ్లిన గ్లాసు మళ్లీ ముట్టుకోవద్దు. రుచి తేడాగా ఉన్నా, కొంచెమే తాగినా తల బరువెక్కుతున్నా, నమ్మకమున్న స్నేహితురాలి చెయ్యి పట్టుకుని వెలుతురున్న చోటికి, పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేయాలి. ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లి గడియ పెట్టుకోకూడదు. స్నేహితురాళ్లు ఇద్దరిద్దరు జతగా వెళ్లి, జతగానే తిరిగి రావాలి. ఏదైనా జరిగితే తప్పు కలిపినవాడిది. ఈ మాట అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.

మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ చేయాలి?

ఒక్కసారి, ముందే అనుకున్న టైముకి. పది సార్లు చేస్తే సైలెంట్‌లో పడేస్తారు.

## ఆ రాత్రి ఏదైనా జరిగితే

తాగి పడిపోయాడు. పడుకోబెడితే తెల్లారేసరికి దిగిపోతుంది కదా?

దయచేసి అలా వదిలేయకండి. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పడుకున్నప్పుడు బాగానే ఉన్నవాడు గంట తర్వాత ప్రమాదంలో పడొచ్చు. నిద్రలో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పిల్లల్లో రక్తంలో చక్కెర కూడా చటుక్కున పడిపోతుంది.

కొన్నేళ్ల కిందట మా విద్యార్థి ఒకడికి ఇలాగే అయింది. ముగ్గురు స్నేహితులు వాణ్ణి ఆటోలో వేసుకుని బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా, మళ్లీ వెనక్కి, గంటన్నర సేపు తిప్పారు. గాలి తగిలితే దిగుతుందనుకున్నారు. చివరికి పెదాలు నీలంగా మారాయని ఒకడు ఏడుస్తూ నాకు ఫోన్ చేశాడు. “ఇంటికి తీసుకెళ్తే వాళ్ల నాన్న చంపేస్తాడు టీచర్, మీకు చెప్తే టీసీ ఇచ్చేస్తారు” అన్నాడు. క్యాజువాల్టీకి తీసుకెళ్లేసరికి చక్కెర బాగా పడిపోయి ఉంది, ఒళ్లు చల్లబడిపోయింది. సెలైన్ ఎక్కించారు, బతికాడు. ఆ గంటన్నర ఆలస్యానికి కారణం తెలియకపోవడం కాదు, భయం. ఆ భయంలో నేను అసెంబ్లీలో అన్న మాటకీ వాటా ఉంది. అప్పటినుంచే ఈ విషయాలు మాట్లాడటం మొదలుపెట్టాను.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి: తట్టినా గిల్లినా లేవట్లేదు, ఊపిరి నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ, లేదా ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటుతోంది, పెదాలు, గోళ్లు నీలంగా లేదా పాలిపోయి ఉన్నాయి, ఒళ్లు చల్లగా జిగటగా ఉంది, మత్తులోనే వాంతులవుతున్నాయి, ఫిట్స్ వచ్చాయి, తలకి దెబ్బ తగిలింది. అన్నీ కనిపించేదాకా ఆగొద్దు.

108 వచ్చేలోపు ఏం చేయాలి?

ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పై కాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెడితే బోర్లా పడిపోడు. పై చెయ్యి చెంప కింద పెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, నోరు నేలవైపు ఉండేట్టు చూడండి. వాంతి వస్తే బయటికే పోతుంది. బిగుతుగా ఉన్న కాలర్, బెల్టు వదులు చేయండి. దుప్పటి కప్పండి. నోట్లో ఏమీ పోయొద్దు. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, ఊపిరి లెక్కపెడుతూ ఉండండి. ఊపిరి ఆగిపోతే 108 వాళ్లు ఫోన్లో చెప్పినట్టు గుండె మీద నొక్కడం మొదలుపెట్టండి.

మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం... ఏది పనిచేస్తుంది?

ఏదీ పనిచేయదు. మత్తు దిగడానికి టైము ఒక్కటే మందు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఉప్పునీళ్లు పోసి, వేళ్లు పెట్టి కక్కించడమూ అంతే ప్రమాదం. చన్నీళ్లు పోస్తే అప్పటికే చల్లబడుతున్న ఒళ్లు ఇంకా చల్లబడుతుంది, జారి పడి తల పగలగొట్టుకునే ప్రమాదం వేరే. పూర్తి మెలకువలో ఉండి, మాట తడబడకుండా కూర్చోగలిగితే మాత్రం కొంచెం కొంచెం మంచినీళ్లు తాగించొచ్చు.

ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీస్ కేసు అవుతుందా? పిల్లాడి భవిష్యత్తు పాడవుతుందేమో?

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఆసుపత్రివాళ్లు ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) అని రాసుకుని పోలీసులకు సమాచారం ఇవ్వొచ్చు. అది వాళ్ల రికార్డు పద్ధతి. అలా రాసినంత మాత్రాన పిల్లాడి మీద కేసు పెట్టినట్టు కాదు. పోలీసులు అడిగేది మందు ఎవరిచ్చారు, ఎక్కడ దొరికింది అని. రోడ్డు ప్రమాదమైతే తీసుకొచ్చినవాళ్లకి మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ ఉంది, 134ఎ సెక్షన్ ప్రకారం వాళ్ల పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. గంజాయిలాంటి వ్యవహారమే అయినా పద్దెనిమిది నిండని పిల్లల విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది, మామూలు కోర్టు కాదు. కేసు గురించి రేపు ఆలోచించొచ్చు. ఊపిరి సంగతి ఇప్పుడే చూడాలి.

డాక్టరుతో ఏం చెప్పాలి?

నిజం. ఏం తాగాడు, ఎంత, ఎన్నింటికి, దాంతో పాటు మాత్రలో గంజాయో ఉన్నాయా, తల నేలకి తగిలిందా, షుగరు, ఫిట్స్, ఆస్తమా లాంటివి ఉన్నాయా. “ఫుడ్ పాయిజన్ అండీ” అని చెప్తే అరగంట వృథా అవుతుంది. మిగిలిన సీసా, ఖాళీ స్ట్రిప్పు దొరికితే కవర్లో వేసి తీసుకెళ్లండి. తండ్రి ముందు నోరు విప్పని స్నేహితుణ్ణి పక్కకి పిలిచి డాక్టరునే అడగనివ్వండి.

మందు వాసన లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గుండె దడదడలాడుతోంది, చచ్చిపోతానంటున్నాడు.

గంజాయి ఎక్కువైనప్పుడు ఇలా భయం పట్టుకుంటుంది. వెలుతురు తక్కువున్న నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి “నేనున్నాను, కాసేపట్లో తగ్గిపోతుంది” అని మెల్లగా చెప్తూ ఉండండి. తిడితే భయం రెట్టింపవుతుంది. భంగు లడ్డూలాంటివి తిన్నప్పుడు మత్తు గంట, రెండు గంటల తర్వాత ఎక్కుతుంది. ఏమీ కాలేదని ఇంకోటి తినేవాళ్లు ఇందుకే పడిపోతారు. ఛాతీ నొప్పి, లేపినా లేవనంత మగత, లేనివి కనిపిస్తున్నాయనడం ఉంటే ఆసుపత్రికే వెళ్లాలి.

పంక్చర్ సొల్యూషన్ పీలుస్తూ కంటపడ్డాడు. పట్టుకోనా?

వెంటపడొద్దు, అరవొద్దు. ఆ ఆవిరి పీల్చినప్పుడు గుండె చాలా సున్నితంగా ఉంటుంది. ఒక్కసారిగా బెదిరినా, పరిగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే కూలిపోవచ్చు. నెమ్మదిగా దగ్గరికెళ్లి, చేతిలోది తీసుకుని, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి.

సారా తాగారట. బాగానే ఉన్నారు, పర్లేదా?

పర్లేదనుకోవద్దు. కల్తీ మద్యంలో మిథనాల్ అనే విషం ఉంటే దాని ప్రభావం పన్నెండు గంటల నుంచి ఒక రోజు తర్వాత బయటపడొచ్చు. కడుపునొప్పి, ఆయాసం, కళ్ల ముందు మంచు కమ్మినట్టు మసక. చూపు మసకబారిందంటే నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు. కలిసి తాగినవాళ్లందరినీ తీసుకెళ్లాలి, బాగున్నవాళ్లని కూడా.

## తెల్లారాక

కొట్టాలనిపిస్తోంది. ఏం మాట్లాడాలి?

మీ కోపం నాకు అర్థమవుతుంది, దాని వెనక ఉన్నది బెదురు. ఆ బెదురే చెప్పండి. “రాత్రి నువ్వు పలక్కపోతే నా కాళ్లు చల్లబడిపోయాయిరా” అన్న మాట చెంపదెబ్బ కన్నా లోపలికి వెళ్తుంది. మొదట తిననివ్వండి, నిద్రపోనివ్వండి. సాయంత్రం ఇద్దరే కూర్చోండి. తాతయ్యనీ మావయ్యనీ పిలిచి పంచాయితీ పెట్టకండి. “ఎందుకు తాగావు” అంటే తల దించుకుంటాడు. “నిన్న ఎలా మొదలైంది, చెప్పు” అంటే మాట్లాడతాడు. శిక్ష వేయాలనుకుంటే వేయండి: నెల రోజులు బయటి పార్టీలు లేవు, ఫోన్ రాత్రి హాల్లో ఉంటుంది. కానీ మిమ్మల్ని పిలిచినందుకు మాత్రం శిక్ష వేయకండి. రాత్రి వాడే మీకు ఫోన్ చేసి ఉంటే “నాకు ఫోన్ చేశావు, మంచి పని చేశావు” అని ముందు అదే చెప్పండి.

స్కూల్ టీసీ ఇస్తానంటోంది. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి.

గొడవ పెట్టుకోకుండా రాతపూర్వకంగా అడగండి: పరీక్షలు రాయనివ్వండి, కౌన్సెలింగ్‌కి మేం తీసుకెళ్తాం, ఆ కాగితం చూపిస్తాం అని. పరీక్షల ముందు బయటికి పంపితే ఆ పిల్లాడికి మిగిలేది ఆ తాగే గుంపే. కాదంటే మండల విద్యాశాఖాధికారిని, ఇంటర్ అయితే బోర్డు జిల్లా అధికారిని కలవండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్‌కి కూడా చెప్పొచ్చు.

తాగిన వీడియో వాట్సాప్‌లో తిరుగుతోంది.

మీరు ఎవరికీ పంపకండి, “చూడండి ఎంత ఘోరమో” అని కూడా. పెట్టినవాళ్ల ఇంటికెళ్లి, పెద్దవాళ్లతో మాట్లాడి తీయించండి. అందులో అమ్మాయిలున్నా, బట్టలు చెదిరి ఉన్నా నేరుగా పోలీసు ఫిర్యాదే. కొన్ని రోజులు పిల్లాణ్ణి ఒంటరిగా వదలొద్దు. మందు కన్నా ఆ అవమానమే ఎక్కువ ప్రమాదం తెచ్చిన సందర్భాలున్నాయి. “చచ్చిపోవాలనుంది” అన్న మాట ఏ రూపంలో వినపడ్డా 14416 టెలీ మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

## ఆ తర్వాతి నెలల్లో

ఒక్కసారి జరిగిందా, అలవాటైందా? ఎలా తెలుస్తుంది?

వాసన చూసి కాదు, మార్పు చూసి. డబ్బులు మాయమవడం, పాత స్నేహితులు ఒక్కసారిగా మారిపోవడం, ఆటలు మానేయడం, పగటి నిద్ర, మార్కులు కూలిపోవడం, చిన్నమాటకే విరుచుకుపడటం. ఇందులో ఒకటి రెండు ఈ వయసులో మామూలే. అన్నీ కలిసి నెలా రెండు నెలలు కొనసాగితే డాక్టరుని కలవండి. మెడికల్ షాపులో దొరికే యూరిన్ కిట్‌తో దొంగచాటుగా పరీక్షలు చేయకండి. గంజాయి ఆపిన వారాల తర్వాత కూడా కనిపించొచ్చు, కొన్నిసార్లు మామూలు మందులకీ తప్పుగా చూపిస్తుంది. పైగా మీ ఇద్దరి మధ్య ఉన్న నమ్మకం పోతుంది.

తెలియకుండా అన్నంలో కలిపితే మానేస్తారట, ఆ పొడి వాడొచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా మందు తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. పెద్దవాళ్లకి కూడా చెప్పి, ఒప్పుకున్నాకే డాక్టరు ఇచ్చే మందు అది.

వైద్యానికి ఎక్కడికి వెళ్లాలి? పరువు పోతుందేమో.

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. చెప్పిన విషయం గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే అంటోంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే 14446, మత్తు మాన్పించడం కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. గంజాయి ఎవరు అమ్ముతున్నారో చెప్పాలంటే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972. కట్టేసి కొట్టి మాన్పిస్తామనే చోట్లకి పిల్లల్ని పంపకండి.

మా ఆయనే రోజూ తాగుతారు. పిల్లాడికి ఏ మొహంతో చెప్పమంటారు?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి అమ్మా గొంతు తగ్గించే అడిగింది. మీరు చెప్పొచ్చమ్మా, మీకే ఎక్కువ హక్కుంది. “మీ నాన్నకి ఇది ఎలా పట్టుకుందో, మనింట్లో ఏం చేసిందో నువ్వు చూశావు. నీకు పట్టుకోకూడదని నా బాధ” అనండి. తండ్రిని తిట్టక్కర్లేదు, దాచక్కర్లేదు. ఇంట్లో తాగేవాళ్లుంటే పిల్లలకి ఆ అలవాటు పట్టే అవకాశం ఎక్కువ. ఈ సంగతీ వాడికి తెలియాలి. వీలైతే సీసాలు ఇంట్లో పెట్టొద్దని, పిల్లాణ్ణి షాపుకి పంపొద్దని, సోడా తెమ్మనొద్దని ఆయన్ని ఒప్పించండి. ఈ మూడింటికీ ఒప్పుకున్న తండ్రులు నాకు తెలుసు.

నేను స్టూడెంట్‌ని. నా ఫ్రెండ్ పార్టీ తర్వాత కూడా ఆపలేదు, రోజూ తీసుకుంటున్నాడు. ఎవరికైనా చెప్తే నమ్మకద్రోహం కదా?

కాదు నాన్నా. ముందు వాడికే చెప్పు, మత్తులో లేనప్పుడు, మీరిద్దరే ఉన్నప్పుడు: “నువ్వు ఇలా ఉంటే నాకు భయమేస్తోందిరా. వారం చూస్తాను, తర్వాత సార్‌కి చెప్తాను, నీ వెంట నేనూ వస్తాను.” వారం తర్వాత నీకు నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పు. టీచరో, మీ అమ్మో, వాళ్ల అక్కో, ఎవరైనా సరే. పేరు బయటపడుతుందని భయమైతే 1098కి నువ్వే ఫోన్ చేయొచ్చు. వాడు ఎప్పుడైనా లేపినా లేవనంత మత్తులో కనిపిస్తే మాత్రం వారం, మాట, స్నేహం ఏదీ చూడకు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా వాడి పక్కనే కూర్చో.